నాగరత్న ఆంటీ హస్తవాసి

పొద్దున్నే బకెట్లలో మొక్కలకు నీళ్లు పోస్తుంటే ఎండిన మట్టి తడిసిన వాసన గుప్పుమంటుంది. ఇంకో గంట ఆగితే సూర్యుడు గోడెక్కి ఆ వాసనను కూడా పీల్చేస్తాడు. ఆరిజోనా ఎడారిలో, చాండ్లర్‌లోని మా పెరట్లో, ఆ కాసేపూ నాగరత్న ఆంటీ నా వెనకే నిలబడి విసుక్కుంటున్నట్టు ఉంటుంది. మీరెవరూ ఆవిడను చూసి ఉండరు. పొట్టి మనిషి, పెద్ద గొంతు, నెత్తిన ఎప్పుడూ ఎండ టోపీ. ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగం చేసేవారు. రిటైరయ్యాక కూతురి దగ్గరికి నేపర్‌విల్ వెళ్లి, ఇప్పుడక్కడ మంచును తిట్టుకుంటూ బతుకుతున్నారు. పుట్టింది అనంతపురం జిల్లాలో. "ఈ ఎడారి నాకేం కొత్తమ్మా? మా ఊరికే ఏసీలు పెట్టినట్టుండాది" అనేవారు.

మా రెండిళ్లకూ మధ్య గోడ ఒకటే. కోనసీమలో కాలవ గట్టున పెరిగినదాన్ని నేను. పెళ్లయి ఇక్కడికి వచ్చిన మొదటి ఏడు, మృగశిర కార్తె వచ్చింది కదా అని జూన్‌లో టమాటా, వంగ విత్తనాలు వేశాను. మా పుట్టింట్లో ఏటా జరిగే పనే అది. పడమటి గోడకు నల్ల ప్లాస్టిక్ కుండీలు వరసగా పెట్టి, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పైపుతో నీళ్లు పట్టాను. మొలకలు వచ్చినట్టే వచ్చి మాడిపోయాయి. ఒక మధ్యాహ్నం గోడ మీదుగా టోపీ ఒకటి పైకి లేచింది.

"ఏమ్మా, ఏం చేస్తాండావు?"

"మొక్కలకి నీళ్లు పోస్తున్నానండీ."

"నీళ్లు కాదు తల్లీ, వేన్నీళ్లు. ఆ పైపు పొద్దుట్నించీ ఎండలో పడుండాది గదా, చెయ్యి పెట్టి చూడు."

చెయ్యి పెట్టి "అమ్మో!" అని లాక్కున్నాను. ఆవిడ పకపకా నవ్వి, గేటు తీసుకొని లోపలికే వచ్చేశారు. "గోదారి పిల్లవి, నీళ్లు కనబడితే నీకు చెయ్యాగదు. ఇక్కడ మృగశిరా లేదు, గిగశిరా లేదు. జనవరిలో ఇంట్లో నారు పొయ్యాల, చలి పోంగానే బయట పెట్టాల. జూన్‌లో మనమే బయట నిలబళ్లేం, పసిమొలక ఏం నిలబడతాది?" అన్నారు. అడుగున చిల్లులు పెట్టిన తెల్ల బకెట్లు, ఉదయపు ఎండ తగిలే తూర్పు గోడ, మధ్యాహ్నం నీడకు పైన కట్టే గుడ్డ, ఎండెక్కక ముందే ఒక్కసారి నిండుగా నీళ్లు. ఇవన్నీ ఆవిడ తిడుతూ నేర్పినవే. ఆ తిట్లు లేకపోతే నాకు రోజు గడిచేది కాదు.

మన వాళ్లలో ఆవిడ హస్తవాసికి పెద్ద పేరు. ఎవరింట్లో కొత్తగా బకెట్లు పెట్టినా మొదటి గింజ ఆవిడ చేతే వేయించేవారు. ఏటా పెరుగు కప్పుల్లో నారు పోసి, ఫిబ్రవరి చివర ఒక ఆదివారం అందరినీ భోజనానికి పిలిచి పంచేవారు. అక్కడ నారు తీసుకుంటే చాలు, ఆ ఏడు ఇంటికి మంచి జరుగుతుందని నమ్మేవాళ్లు కూడా ఉన్నారు.

రెండో ఏడు నాకు కడుపు పోయింది. అయిదో నెల. మా ఆయన మంచివాడే. ఏం మాట్లాడాలో తెలియక టీ పెట్టి ఇచ్చేవాడు. నేను పెరట్లోకి వెళ్లడమే మానేశాను. నా చేతిలో ఏదీ బతకదన్న మాట మనసులో పాతుకుపోయింది. ఒకరోజు ఆ మాట ఆంటీతో పైకే అనేశాను. అయ్యో అంటారేమో అనుకున్నాను. ఆవిడ "సరే" అని లేచి వెళ్లిపోయారు. నాకు ఒళ్లు మండిపోయింది.

జనవరిలో మణికట్టుకు గుడ్డ చుట్టుకొని వచ్చారు. "చెయ్యి బెణికింది. ఈ ఏడు నారు నువ్వే పొయ్యాల."

"వద్దాంటీ. నా చేత్తో వేసినవి నలుగురిళ్లకీ పంపకండి. మీకు పుణ్యముంటుంది."

"పుణ్యం సంగతి నేను చూసుకుంటాలే, రా" అంటూ అదే చేత్తో మట్టి సంచి ఎత్తి బల్ల మీద పడేశారు. నేను చూశాను. నేను చూడటం ఆవిడా చూశారు. కప్పులు దగ్గరికి లాక్కున్నాను.

నారు మొలిచింది, కానీ అంతా కాదు. మొలిచిన కప్పులు అన్ని ఉన్నా నా కళ్లు ఖాళీ కప్పుల మీదే. వాటిని ఏరి పక్కన పెట్టి, "చెప్పాను కదాంటీ" అని భోరున ఏడ్చాను. ఆవిడ నన్ను రెక్క పట్టుకొని తన గరాజ్‌లోకి తీసుకెళ్లారు. అటక మీద ఎండిన మట్టితో పాత కప్పులు, దొంతర్లు దొంతర్లు.

"పోయినేటివి ఇవి. నా చేత్తో వేసినవే, మొలవలేదు. ప్రతి ఏడూ ఉంటాయి. పంచేటప్పుడు ఇవి దాచిపెడతా. నా హస్తవాసి అంతా ఇదేనమ్మా" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "మా పాపకు ముందు బాబు. ఏడో నెలలో కడుపులోనే పోయినాడు. ఈ ఊళ్లో ఎవరికీ చెప్పలా. చెప్తే మొదటి గింజ వెయ్యమని నన్నెవరు పిలుస్తారు?" అన్నారు.

ఫిబ్రవరి భోజనాల నాడు ఇల్లంతా జనం. "ఆంటీ హస్తవాసే వేరు, ఎంత బలంగా వచ్చిందో నారు!" అని అందరూ మెచ్చుకుంటున్నారు. నేను వంటింట్లో నక్కి ఉన్నాను. ఆంటీ గరాజ్ నుంచి, నేను ఏరి పక్కన పెట్టిన ఖాళీ కప్పుల ట్రే తెచ్చి, పులిహోర గిన్నె పక్కకు జరిపి, బల్ల మధ్యలో పెట్టారు.

"ఈ ఏడు పోసింది నేను కాదు, ఈ పిల్ల" అని నన్ను బయటికి లాగారు. "ఇవేమో మొలవనివి. నేను వేసినా ఇన్ని పోతాయి, ఎప్పుడూ పోతానే ఉండాయి. నా కడుపున కూడా ఒకడు పోయినాడు. ఇంక మీ ఇళ్లల్లో గింజ వెయ్యడానికి నన్ను పిలుస్తారో మానుకుంటారో మీ ఇష్టం."

అమ్మా, ఎంత ధైర్యం! అన్నేళ్ల పేరును నా కోసం ఒక్క మాటతో బల్ల మీద పెట్టేశారు. అప్పుడు నాకు పెద్దగా పరిచయం లేని ఒకావిడ ముందుకొచ్చి, ఆ ట్రేలోంచి ఒక ఖాళీ కప్పు తీసి రెండు చేతులతో పట్టుకుంది. "నాకు రెండు సార్లు" అంది. అంతే, గోడకానుకొని ఏడ్చింది. ఆంటీ వెళ్లి ఆమెను పట్టుకున్నారు.

ఇప్పుడు ఫిబ్రవరి భోజనాలు మా ఇంట్లోనే. వంటలు సర్దకముందే ఖాళీ కప్పులు తెచ్చి బల్ల మీద పెడతాను. ఇవెందుకని కొత్తవాళ్లు అడిగితే, "ఇవి మొలవలేదండీ" అని మామూలుగా చెబుతాను. చాలామంది తలూపి నారు తీసుకోవడానికి వెళ్లిపోతారు. ఎప్పుడైనా ఒకరు అక్కడే ఆగిపోతారు. నేను వాళ్ల పక్కన కుర్చీ వేసుకొని కూర్చుంటాను.