పెండ్లి ఫోటో అద్దం మీద చిలకలు

ఆఫీసు నుంచి నంద్యాల ఇంటికి చేరేసరికి ఒంట్లో ఓపిక లేదు. అయినా బొంత మీద కుట్టాల్సిన చిలకల్ని గుడ్డ మీదికి దించుకోవాలని టీపాయ్ అద్దం కింద ఫోన్ లైటు పెట్టుకున్నా.

నా చిన్నప్పుడు ఆళ్లగడ్డలో మా అమ్మ ఇట్లాగే గీయడం గుర్తొచ్చింది. అప్పుడామె నిండు చూలాలు. పెండ్లి ఫోటో అద్దం ఊడదీసి రెండు పీటల మీద పెట్టి, చిలకల కాగితం మీద గుడ్డ పరిచింది. కింద టార్చిలైటు పట్టుకునే పని నాది. మీరూ పట్టుకున్నారా అట్లా?

"ఫోటో అద్దం పీకినావేందే?" అని జేజి అరిచింది.

"బిడ్డకు బొంత కావల్ల కదత్తా! ఫోటో యాడికి పోతాది?" అంటూ అమ్మ గీస్తూనే ఉంది.

బిడ్డ దక్కలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు అమ్మ, కుట్టి దాచిన ఆ బొంత తీసి నాకు కప్పింది. అది చాలక నా కాళ్లు బయటికొచ్చాయి. వాటికి తన కొంగు చుట్టి, పక్కనే పడుకుంది.