నలభై ఐదు దాటేదాకా

జనవరి, ఉదయం ఏడుంబావుకి ట్రక్కు మమ్మల్ని దింపింది. ఉత్తర మిషిగన్. మైనస్ ఇరవై ఒకటి. పైన్ చెట్లు, మంచు, ఆ మంచు కింద మట్టి కప్పిన మందుగుండు గోదాములు. ఇక్కడ ప్రమాదం లేనివి చెట్లేనని సార్జెంట్ చెప్పాడు. స్వాగతోపన్యాసం అంతే.

నేను రిజర్వ్ సైనికుణ్ణి, పిలిచినప్పుడే డ్యూటీ. మామూలు రోజుల్లో ఫార్మింగ్టన్ హిల్స్‌లో కూర్చుని కార్ల బ్రేకులకు సాఫ్ట్‌వేర్ రాస్తాను. తొంభై రోజుల డ్యూటీ. నాకిచ్చిన పని, ఒక గదిలో గాలి తడిగా ఉందో లేదో చూడటం. ఫోన్లో మా బావ నవ్వాడు. మొదటి రోజు మధ్యాహ్నం దాకా నేనూ నవ్వాను.

ఆ గదిలో పాత డిటొనేటర్లను పరీక్షిస్తారు. డిటొనేటర్ అంటే బాంబును పేల్చే గొట్టం, చిటికెన వేలంత. చలికాలం హీటర్ ఆగకుండా తిరుగుతుంది, గాలి ఎండిపోతుంది. ఎండిన గాలిలో నాలుగడుగులు వేస్తే ఒంట్లో కరెంటు పోగవుతుంది. ఇంట్లో తలుపు పిడి ముట్టుకుంటే చురుక్కుమంటుందే, అదే. ఇంట్లో అయితే 'అబ్బా' అంటాం. అక్కడ అనడానికి నోరు మిగలకపోవచ్చు. అందుకని ఆ గదికి ఒక హ్యుమిడిఫైయర్. తేమ నలభై ఐదు శాతం కంటే తగ్గిందని గేజ్ చెబితే దానంతటదే ఆవిరి వదులుతుంది. పావుగంటకోసారి గేజ్ చూసి నేను పుస్తకంలో అంకె రాస్తాను.

లోపల పనిచేసే టెక్నీషియన్ మా ఊరి పక్క నోవైలో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. ఇరవై ఆరేళ్ళు. ర్యాంకులో నాకంటే రెండు మెట్లు పైన. నాకు ముప్ఫై ఏడు కాబట్టి, ఎవరూ లేనప్పుడు అంకుల్ అనేది. “అంకుల్, ఫ్లోర్ క్లీన్ చేయి. తర్వాత టీ పెట్టు.” ఆర్డరు, వరస ఒకే వాక్యంలో.

ఆమె గదికీ నా కంట్రోల్ రూముకీ మధ్య మందపాటి అద్దం, ఒక ఇంటర్‌కామ్. ఆమె గది గాలి ఒక గ్రిల్ గుండా నా వైపు వచ్చేది. గ్రిల్ పైన గేజ్. గ్రిల్ కింద ఒక అర. ఆ అర మీద నా ఎలక్ట్రిక్ కెటిల్. మూత వేస్తే కెటిల్ మరగగానే ఆగిపోతుంది. మూత తీసేస్తే ఆగదు. పాలు, నీళ్ళు, అల్లం, టీపొడి అన్నీ అందులోనే పోసి గంటల తరబడి మరిగించడం హాస్టల్లో నేర్చిన విద్య. డిగ్రీలో నాకు నిజంగా వచ్చింది అదొక్కటే.

పన్నెండో రోజు తొమ్మిదిన్నరకే పాలు అయిపోయాయి. కెటిల్ ఆపేశాను. తొమ్మిదీ నలభైకి గేజ్ చూస్తే పంతొమ్మిది.

గేజ్‌ను వేలితో తట్టాను. పంతొమ్మిదే. కింద చల్లారుతున్న కెటిల్ చూశాను. మళ్ళీ పైకి చూశాను.

సార్జెంట్‌కి ఫోన్ చేశాను. ఆయన రెండే అడిగాడు.

“ఆమె చేతిలో డిటొనేటర్ ఉందా?”

“ఉంది.”

“కదలొద్దని చెప్పు. మెల్లగా. ఉలిక్కిపడితే అయిపోయినట్టే.”

బల్ల దగ్గర ఉన్నంతసేపు ఆమె మణికట్టుకి, ఒంట్లో కరెంటును నేలకి దించే ఎర్త్ వైరు ఉంటుంది. అప్పుడే అది తీసి, డిటొనేటర్ పట్టుకుని టెస్ట్ పెట్టె వైపు బయల్దేరింది. గది మధ్యలో ఉంది. వెనక బల్ల మీద తెరిచిన ట్రేలో ఇంకో ముప్ఫై.

“అక్కడే ఆగండి మేడమ్,” అన్నాను ఇంటర్‌కామ్‌లో.

“ఏంటి అంకుల్, కొత్తగా మేడమ్?”

“తేమ పంతొమ్మిది. అడుగు వెయ్యొద్దు. ఏదీ ముట్టుకోవద్దు.”

ఆమె ఆగింది.

“మెషీన్?”

“ఇప్పుడే ఆన్ అయింది. నలభై నిమిషాలు పట్టొచ్చు.”

“ఇందాక ఫిఫ్టీ టూ అన్నావ్ కదా.”

“అది గదిది కాదు. మన టీది. కెటిల్ ఆవిరి గేజ్‌కి తగులుతోంది. గది తడిగానే ఉందనుకుని మెషీన్ పడుకుంది. రోజూ పొద్దున్నంతా.”

“రోజూ అంటే?”

“పదకొండు రోజులు.”



“అల్లం టీ వల్ల పోతే మా మామ్‌కి ఏం చెప్తావ్ అంకుల్?”

కెటిల్‌ను అర మీంచి తీసి కింద పెట్టాను.

“ఏదో ఒకటి మాట్లాడు. చెయ్యి లాగుతోంది.”

గేజ్ చదవడం మొదలుపెట్టాను. ఇరవై రెండు. ఇరవై ఆరు. సార్జెంట్ ఫోన్ పెట్టేయలేదు, ఆయన ఊపిరి వినిపిస్తూనే ఉంది. ముప్ఫై ఒకటి దగ్గర ఆమె మోచెయ్యి అంగుళం కిందికి దిగింది. ముప్ఫై ఒకటి దగ్గరే అంకె ఆరు నిమిషాలు ఆగింది. నేను దాన్ని ఆరుసార్లు చదివాను, గొంతు మారకుండా. ఆ పోస్టింగ్‌లో నేను చేసిన సైనిక విన్యాసం అదొక్కటే.

పదీ ఇరవై రెండుకి నలభై ఐదు దాటింది. ఆమె మూడు నిదానమైన అడుగులు వేసి, గోడకున్న ఎర్త్ కడ్డీని ఎడమ చేత్తో పట్టుకుని, డిటొనేటర్‌ను ఇనప టెస్ట్ పెట్టెలో పెట్టింది. బయటికొచ్చి నా కెటిల్ తీసుకెళ్ళి మంచులోకి విసిరింది. ర్యాంకు ఆమెది. నేను అడ్డు చెప్పలేదు.

రిపోర్టు నేనే రాసిచ్చాను. మిగిలిన డ్యూటీ మంచు ఎత్తిపోయడం.

ఏప్రిల్‌లో ఇంటికొచ్చాను. విందుల్లో ఎవరో ఒకరు, ప్రమాదం దగ్గరగా చూశారా అని అడుగుతారు. చలి బాగా ఉండేదని చెబుతాను.

ఆ అద్దంలోంచి చూసింది మాత్రం చెప్పను. ముడిలోంచి తప్పించుకున్న ఆమె వెంట్రుకలు, ఒంట్లో పోగైన కరెంటుకి, మెడ వెనక నిటారుగా, పైకప్పు వైపు లేచి నిలబడ్డాయి. అంకె పెరిగేకొద్దీ ఒక్కొక్కటే వంగి మెడ మీదికి దిగాయి. నలభై ఐదు అని నేను చదివేటప్పటికి అన్నీ దిగలేదు. ఒకటి ఇంకా నిలబడే ఉంది.