రేడియో మూగబోయిన పది రోజులు

టాక్సీ స్టాండులో అతన్ని అందరూ రేడియో అనేవారు. రేడియోకైనా కట్టేయడానికి ఒక మీట ఉంటుంది, ఇతనికి అదీ లేదు. సముద్రం చూద్దామని సెలవుల్లో వచ్చినవాళ్లు రైలు దిగి అతని పాత పసుపు కారెక్కారంటే, బస చేరేలోపు ఊరి చరిత్రంతా వాళ్ల చెవుల్లో పోసేవాడు. అందులో చరిత్ర పాలు బహు తక్కువ. కొండ మీది తలుపులేని బురుజులో ఒక రాకుమారిని బంధించారట. రేవు పక్కనున్న రాతి తొట్టిలో రాణిగారు పన్నీటి స్నానాలు చేసేవారట. ఇరవై ఆరేళ్లుగా చెప్పీ చెప్పీ ఆ కథల్ని చివరికి తనే నమ్మేశాడు. మరో ఏడు మళ్లీ వచ్చినవాళ్లు "ఆ కబుర్ల డ్రైవరే కావాలి" అని వెతుక్కుంటూ వచ్చేవారు. ఆ మాట చెవిన పడిన రోజు అతనికి అన్నం కూడా అక్కర్లేదు.

అలాంటివాడికి సరిగ్గా సెలవులు మొదలయ్యే వారంలో గొంతు పూడుకుపోయింది. డాక్టరమ్మ టార్చిలైటు వేసి చూసి, వాగుడు ఎక్కువై లోపల వాచిందని తేల్చేసింది. పది రోజులు నోరు విప్పకూడదు, గుసగుసలు కూడా పనికిరావు, కాదంటే ఉన్న గొంతు కూడా ఉండదు అంది.

మర్నాడు ఒక పలక కొనుక్కుని స్టాండుకి వెళ్లాడు. ఒక చేత్తో స్టీరింగు, మరో చేత్తో రాకుమారి కథ. రెండో వాక్యం పూర్తయ్యేసరికి కారు దీపస్తంభాన్ని ముద్దు పెట్టుకోబోయింది. వెనక కూర్చున్న దంపతులు సగం దారిలోనే దిగిపోయి వేరే టాక్సీ ఎక్కారు. ఇక తనని అడిగేవాళ్లు ఉండరని, మాట లేకపోతే తను వట్టి చక్రం తిప్పేవాడేనని ఆ సాయంత్రం అతని ప్రాణం ఉసూరుమంది. నిజం చెప్పొద్దూ, స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని కాసేపు ఏడ్చాడు కూడా.

అతని భార్య పురపాలక ఆఫీసు రికార్డుల గదిలో ముప్పై ఏళ్లు దుమ్ము దులిపి, కిందటి నెలే రిటైరైంది. మాట పొదుపు మనిషి. అంత పొదుపు ఎలా అలవడిందో అతనెప్పుడూ ఆలోచించలేదు. మర్నాడు పొద్దున్నే ఆమె కళ్లజోడు తుడుచుకుని వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

"మీరు తోలండి. చెప్పేది నేను చెప్తాను."

'నీకేం తెలుసు?' అని అతను పలక మీద రాశాడు. ఆమె అది చదివి, చేత్తో తుడిచేసి, తలుపు వేసుకుంది.

మొదటి బేరం ఒక లెక్కల మాస్టారు, ఆయన భార్య, అత్తగారు. మలుపు తిరగ్గానే అత్తగారు కొండ మీదికి చూసి అదేమిటని అడిగింది. రేడియో ఆత్రంగా రెండు మణికట్లూ కలిపి చూపించాడు, రాకుమారిని బంధించారన్నట్టు. ఆ క్షణంలో స్టీరింగు ఎవరి చేతిలోనూ లేదు.

"రాకుమారీ లేదు, ఏమీ లేదండీ" అంది భార్య. "పడవలకి దీపం పెట్టడానికి కట్టించారు. మేస్త్రీ లోపల నిలబడి చుట్టూ గోడ లేపుకుంటూ పోయాడు. తలుపు పెట్టడం మర్చిపోయాడు. మూడు రోజులు గెడ కొసకి క్యారియర్ కట్టి అన్నం అందించారు. గోడకి కన్నం పెట్టడానికి అనుమతి కావాలని ఆయన లోపల్నుంచే అర్జీ రాసి, రాయికి చుట్టి బయటికి విసిరాడు. ఆ కాగితం మా మూడో బీరువాలో ఉంది. ఆఫీసువాళ్లు తిరస్కరించారు, అర్జీదారు స్వయంగా హాజరు కాలేదని."

కారంతా ఘొల్లుమంది. సరిగ్గా అప్పుడే బస వచ్చింది. రేడియో దిగి వెనక డిక్కీలో పెట్టెలు లాగుతుండగా ముందు కిటికీ దగ్గర ఆమె మిగతాది చెప్పింది. అత్తగారు పొట్ట పట్టుకుని నవ్వడం కనిపించింది కానీ, ఆ నవ్వు దేనికో అతనికి వినబడలేదు.

ఆనాటి నుంచి అతని అవస్థ చెప్పనలవి కాదు. రోజుకి ఆరు బేరాలు, ఆరుసార్లూ ఆ అర్జీ తిరస్కరించే చోటికి బస రావడం, పెట్టెలు, నవ్వులు. కారు నత్తలా నడిపాడు, ఆమె కూడా కథ నెమ్మది చేసింది. బజారు చుట్టూ తిప్పాడు, ఆమె మధ్యలో రాతి తొట్టి సంగతి ఎత్తుకుంది, అదీ బస దగ్గర సగంలోనే ఆగింది. పలక మీద అడిగితే సరిపోయేది. కానీ ఇరవై ఆరేళ్లు ఊరికి కథలు చెప్పినవాడు, ఇంట్లో మనిషిని కథ అడగడమా? ఆరో రోజున ఎవరో వచ్చి "ఆవిడ కూర్చునే టాక్సీ కావాలి" అన్నారు. అతనికి కడుపు మండింది. మండుతూనే, ఆ మేస్త్రీ ఏమయ్యాడో తెలియక నిద్ర కూడా పట్టలేదు.

పదో రోజు డాక్టరమ్మ గొంతు చూసి, ఏదీ, ఒక్క మాట అనండి అంది. అతను ఆవిడ వైపు చూడనైనా లేదు. వెంట వచ్చిన భార్య వైపు తిరిగాడు.

"ఆ మేస్త్రీ ఎలా బయటికొచ్చాడు?"

భార్య కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకుంది.

"ముప్పై ఏళ్ల కాపురంలో మీరు నన్నొకటి అడిగి జవాబు కోసం ఆగడం ఇదే మొదలు" అంది. "మూడో రోజు అతని పెళ్లాం క్యారియర్ తెచ్చింది. ఊళ్లో ఉన్న ఒక్క పెద్ద నిచ్చెన లోపల అతని దగ్గరే ఉంది కదా. ఎక్కి గోడ మీద కూర్చుని, ఆ నిచ్చెన పైకి లాక్కుని ఇటు వేసుకుని దిగమంది. దిగాడు. అప్పటిదాకా ఆమెని ఎవరూ అడగలేదు."

డాక్టరమ్మ టార్చిలైటు పట్టుకుని నవ్వుతూనే ఉంది. పది రోజుల మాటలు అతని గొంతులో నిలవున్నాయి, వాడుకోవడానికి అనుమతి కూడా వచ్చింది. అతను వాటిని అలాగే ఉంచి బయటికొచ్చి, ఆమె కోసం కారు ముందు తలుపు తీసి పట్టుకున్నాడు.

"మరి ఆ తొట్టి సంగతేమిటి?" అని అడిగాడు.