సారు తలకాయ

మా నాయనకు ఇద్దరు కూతుళ్లని తిరుపతిలో మా వీధి వీధంతా అనేది. నేను రెండోదాన్ని. మొదటిది మా తాత దొరల కాలంలో కొన్న నల్ల కారు. నాకు దగ్గొస్తే నాయన మిరియాల కషాయం తాగి పడుకోమనేవాడు. దానికి దగ్గొస్తే మాత్రం బడికి సెలవు పెట్టేవాడు. హైస్కూల్లో డ్రాయింగు సారు ఆయన. ఆ కారును చూస్తే నాకు ఒళ్లు మంట.

డెబ్బైల చివర్లో నా పెళ్లయింది. అత్తగారిది చిత్తూరు నుంచి పలమనేరు పోయే దారిలో ఒక పల్లె. చెరుకు ఆడించి బెల్లం వండే ఇల్లు. నేను కాపురానికి వెళ్లింది సరిగ్గా గానుగ కాలంలో. ఇంటి వెనక కొట్టంలో గానుగ తిప్పే ఇంజను పొద్దున మొదలైతే పొద్దుగూకే దాకా దడదడలాడేది. కొత్త ఊరు, కొత్త మనుషులు, పప్పులో పులుపు కూడా కొత్తే. అయినా ఆ చప్పుడు వినిపిస్తున్నంతసేపూ నాకు బెంగ ఉండేది కాదు. అది ఆగగానే ఏడుపొచ్చేది. “మా కోడలికి గానుగంటే ఎంత ఇదో!” అని అత్త అందరికీ చెప్పుకుని మురిసిపోయేది. మరుసటి ఏడు కరెంటు మోటారు పెట్టించారు. పాత ఇంజను మీద గోనెపట్టా కప్పి మూలకు నెట్టేశారు. నాకు ఇల్లు బోసిపోయినట్టు అనిపించింది.

అప్పటికి నేను కడుపుతో ఉన్నాను. ఏడో నెలలో పుట్టింటివాళ్లు వచ్చి, గాజులు తొడిగి, పురిటికి తీసుకుపోవాలి. ఆ నెల దాటితే ఎనిమిదిలో కదిలించరు. నన్ను పొత్తిళ్లలో ఇంటికి తెచ్చింది ఆ నల్ల కారేనట. అందుకని నా పెళ్లి పందిట్లోనే నాయన మా మామకు మాటిచ్చేశాడు. “నా బిడ్డను పురిటికి నా కారులోనే పిల్సుకపోతాను బావా!”

ఏడో నెల పడగానే కారుకు జబ్బు చేసింది. ఇంజను పైన మూతలా కూర్చునే ఇనప దిమ్మ పగిలింది. కారు సామాన్ల అంగళ్లవాళ్లు దాన్ని హెడ్డు అనేవాళ్లు. మొదటి నుంచీ మా కారుకు వైద్యం చేసే సాయిబు మేస్త్రీ మాత్రం తలకాయ అనేవాడు. కాబట్టి మా ఇంట్లోనూ అది తలకాయే. అతుకు వేయిస్తే, వేడెక్కగానే మళ్లీ చీలింది. నాయన దాని బొమ్మను బోల్టుల రంధ్రాలతో సహా పెన్సిలుతో గీసుకుని, పెళ్లికూతురి ఫోటో చూపించినట్టు తిరుపతిలో, చిత్తూరులో, చివరికి మద్రాసు పాత సామాన్ల బజారులో కనిపించిన ప్రతి అంగడివాడికీ చూపించాడు. అదే కంపెనీవాళ్లు తర్వాత చేసిన కారుది ఒకటి దొరికింది కానీ రంధ్రాలు కలవలేదు.

“ఇంజనే పీకేసి డీజిలుది పెట్టుకో సారూ, అందరూ అదే చేస్తా ఉండారు” అన్నారట మద్రాసు బజారులోని మన తెలుగువాళ్లే.

“వేరే తలకాయ పెట్టించుకోని బతికినోడు వినాయకుడు ఒక్కడే. నా కారుకు దాని కాలం తలకాయే కావాల” అని నాయన రైలెక్కేశాడు.

ఇక మాకు కబురు పంపక తప్పలేదు. పలమనేరు బస్సు కండక్టరు ఆయన పాత శిష్యుడు. “కారు తలకాయ పగిలింది, ఇంకోటి దొరికినాక వస్తానని చెప్పప్పా” అన్నాడట. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ లేకపోతే బస్సు మా పల్లె దగ్గర ఆగేది కాదు, కాస్త నెమ్మదించేదంతే. కండక్టరు మెట్టు మీద నిలబడి టీకొట్టాయనకు అరిచి చెప్పాడు. టీకొట్టాయన రొప్పుకుంటూ మా వాకిట్లోకి వచ్చిపడ్డాడు.

“కొంప మునిగిందమ్మా! తిరపతి సారు తలకాయ పగిలిందంట!”

కారుకూ సారుకూ ఒక్క అక్షరమే తేడా. ఆ బస్సు రొదలో దేవుడికైనా వినపడదు.

అత్త చెరుగుతున్న చేట అక్కడే వదిలేసింది. మామ చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు. నాయనకు ఏదైనా అయితే నేను బతకలేననిపించింది. ఈ పాడు కారే ఏదో చేసి ఉంటుందని బస్సులో తిరుపతి దాకా దాన్ని శపిస్తూ, ఏడుస్తూ కూర్చున్నాను. బస్టాండులో మామ బత్తాయిలూ లేత టెంకాయ బోండాలూ కొన్నాడు.

ఇంటికి పోయి చూస్తే నాయన నిక్షేపంగా ఉన్నాడు. తల భుజాల మీదే ఉంది, కాకపోతే కారు బానెట్టు కింద ఉంది. గడపలోకి వచ్చిన అమ్మ నన్ను చూసి గుండెలు బాదుకుంది. “అయ్యో, పిలవకనే వచ్చేసినావేమే? నేనింకా గాజులు గూడా కొనలా!”

“ఏంది బావా, తలకాయ పగిలిందని కబురొచ్చె, బాగనే ఉండావే!” అన్నాడు మామ.

“నిలువునా పగిలిపాయ బావా. ఇదో సూడు” అని నాయన దిగులుగా ఇనప దిమ్మ చూపించాడు.

ముందు కారు పక్కనే ఉన్న సాయిబు మేస్త్రీ నవ్వాడు. తర్వాత నవ్వనివాళ్లు లేరు. నేను ఏడుస్తూ, నవ్వుతూ నాయన వీపు మీద గుద్దులు గుద్దాను.

మామ కళ్లు తుడుచుకుని, ఆ దిమ్మ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. వేలితో రంధ్రాలు తడిమాడు. లేచి ఇంజనులోకి తొంగి చూశాడు.

“ఇది మా గానుగ ఇంజనే కదప్పా!”

ఎప్పుడో ఒక జమీందారుది ఇలాంటి కారే చెడిపోతే, మామ దాని ఇంజను కొని గానుగకు కట్టుకున్నాడట. మేస్త్రీ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. “యా అల్లా! తలకాయ కోసం మేము ఊళ్లన్నీ తిరగతా ఉంటే, మీరు ఇంట్లో గోనెపట్టా కప్పి పెట్టుకోనుండారా?”

అత్తగారింట్లో ఆ చప్పుడు వింటుంటే నా బెంగ ఎందుకు తీరేదో అప్పుడు అర్థమైంది. నేను పుట్టిన దగ్గర నుంచీ విన్నది అదే. తిట్టుకుంటూ విన్నాను, అంతే. కారు మీద మొదటిసారి ప్రేమ పొంగుకొచ్చింది.

“బస్సులో పడొచ్చింది పురిటికి వచ్చినట్టు కాదు. పొండి, మేమొచ్చి పిల్సుకొస్తాము” అని అమ్మ తేల్చేసింది. మరునాడు అందరం మళ్లీ అదే బస్సు ఎక్కాము, నాయనతో, మేస్త్రీతో సహా. మేస్త్రీ గానుగ ఇంజను తలకాయ విప్పి తీశాడు. నాయన దాన్ని పాత పంచెలో చుట్టి, పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని తిరుగు బస్సులో కూర్చున్నాడు. ఏమిటి సారూ అని కండక్టరు అడిగితే, “తలకాయప్పా. కారుది. క... కారుది!” అని అక్షరం నొక్కి మరీ చెప్పాడు.

ఏడో నెల చివరికొచ్చింది. కారు కుదిరిందో లేదో కబురు లేదు. ఇంక కబురు పంపే ధైర్యం ఎవరికుంది? ఒక పొద్దున అరుగు మీద కూర్చుని ఉంటే, మలుపు అవతల నుంచి సన్నగా దడదడ వినిపించింది. నేను లేచి నిలబడ్డాను. మామ వక్కాకు ఉమ్మేసి వచ్చి చెవి ఒగ్గాడు.

“మన గానుగ వస్తా ఉండాదమ్మా!”

కారు వాకిట్లో ఆగింది. అమ్మ గాజుల బుట్టతో దిగింది. నాయన ఇంజను ఆపకుండానే దిగి, బానెట్టు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. “సూడు బావా, మాట తప్పినానా?”

“మాట నీదే బావా” అన్నాడు మామ. “తలకాయ మాత్రం నాది.”

వెనక సీట్లోంచి దిగిన మేస్త్రీ ఇంజను ఆపడానికి లోపలికి చెయ్యి పెట్టాడు. నేనే వద్దన్నాను. ఇంకాసేపు వినాలనిపించింది.