బావిలో పోసిన మందు

మా తిరుత్తణి ఇంటి బావి లోతెంతో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. నా తెలివి లోతు మాత్రం ఆడి కృత్తిక పండగకు ముందురోజు తేలిపోయింది.

ఆ పొద్దున చేదలో చచ్చిన ఉడత వచ్చింది. ఎన్నాళ్ళుగా అందులో ఉందో దానికే తెలియాలి. వీధికి వచ్చే నర్సమ్మను అడిగితే బ్లీచింగ్ పౌడర్ పొట్లం చేతిలో పెట్టింది.

“బకెట్ నీళ్ళలో కలిపి, పిప్పి అడుగుకు దిగినాక పైతేట మాత్రం పొయ్యండి సార్. రేపు సాయంత్రం దాకా ఎవురూ తోడకూడదు. అందరికీ చెప్పండి. లోతెంత?”

“బాగా లోతు,” అన్నాను.

దాన్నిబట్టి ఆమె చెప్పిన కొలత నాకు చాలదనిపించింది. పొట్లమంతా కలిపేశాను. చారులో ఉప్పేసే మగవాడి లెక్క.

అందరికీ అంటే మాకు ఒక్కరే, పక్కింటి అక్క. చుట్టరికం లేదు, ఇరవై ఏళ్ళ నీళ్ళరికం. రోడ్డు మీద ఇడ్లీ అంగడి ఆమెది. కొళాయి నీళ్ళతో రుబ్బితే ఇడ్లీ గట్టిపడుతుందని మా బావి నీళ్ళే తీసుకుపోతుంది. కృత్తికకు కావళ్ళు మోసుకుని కొండ మీది గుడికి నడిచేవాళ్ళకు తెల్లారకముందే ఇడ్లీ పెట్టాలని, ఆ ముందురోజు మామూలుకు మూడింతలు రుబ్బుతుంది. ఏడాదికంతా అదే ఆమె పెద్ద బేరం. పైగా మడి మనిషి, ఆమెకు ఉడత సంగతి ఎలా చెప్పేది? నిన్నటిదాకా ఆ నీళ్ళే కదా వాడింది! పొద్దునే బిందెలు నింపుకుని ఉంటుందిలే అని నోరు మూసుకున్నాను.

సాయంత్రం కాఫీ తాగుతుంటే గిలక కిర్రుమంది.

“తమ్ముడూ, నీళ్ళు ఏందో ఆస్పత్రి వాసన కొడతా ఉండాయే?”

“బావి శుభ్రం చేసినా అక్కా. మంచి నీళ్ళే.”

“నువ్వా? శుభ్రమా? నీ పెండ్లాం ఊర్లో లేదా ఏంది!”

నవ్వుకుంటూ ఐదు బిందెలు మోసుకుపోయింది. లేచి ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. లేవలేదు. నేను తాగుతున్న కాఫీ మాత్రం క్యాను నీళ్ళతో కాచుకున్నది.

మర్నాడు పిండి పొంగలేదు. గిన్నెల్లో ఎంత పోసిందో అంతే ఉంది. మందు పురుగులనే కాదు, పులుపునూ చంపిందని నాకు అర్థమైంది. ఇడ్లీ రేకుల్లో గట్టి బిళ్ళలు దిగాయి. కావడివాళ్ళు ఒక తుంచు తుంచి, హరోహరా అంటూ పక్క అంగడికి నడిచారు. అక్క పొయ్యి ముందు కూర్చుని తన కుడిచెయ్యి చూసుకుంటోంది.

మావైపు పిండి పొంగేది కలిపే చేతి వేడిని బట్టి అంటారు. ముప్పై ఏళ్ళుగా ఉప్పేసి కలిపింది ఆ చెయ్యే. నీది చల్ల చెయ్యి అని కోడలిని గిన్నె తాకనిచ్చేది కాదు.

“నా చెయ్యి చల్లబడిపాయె తమ్ముడూ. వయసైపాయె.”

“ఉద్దిపప్పులో కల్తీ ఏమో అక్కా,” అన్నాను. నీళ్ళు కల్తీ చేసినవాడి నోటితోనే.

“పప్పు ఎప్పటిదే. చెయ్యే మారింది.”

ఆ రోజు మిగిలిన పిండి పారబోసింది. వారం పాటు అంగడి తెరవలేదు. తెరిచిన రోజు కోడలు కలిపింది. అప్పటికి బావి తేరుకుంది కాబట్టి పిండి బుసబుసా పొంగింది. “చూసినారా దీని చెయ్యి!” అని అక్క వచ్చినవాళ్ళందరికీ చూపించింది. ఇన్నేళ్ళు మాటపడిన ఆ పిల్ల మొహం కూడా పొంగింది. అక్క ఇప్పుడు చట్నీకి పుట్నాలు ఏరుతుంది, గిన్నె దగ్గరికి రాదు.

నిజం చెబితే కోడలి సంతోషం పోతుందని సర్దిచెప్పుకున్నాను. అది సాకు. బావి శుద్ధయింది, నా బుద్ధి కాలేదు.

రెండుసార్లు చెప్పబోయాను. రెండుసార్లూ “ఏం తమ్ముడూ, ఇంకో రెండు పెట్టమంటావా?” అంది. పెట్టించుకుని తిన్నాను.

అత్తాకోడళ్ళు ఇంట్లో మాట్లాడేది తెలుగే, చదవడం వచ్చేది మాత్రం అరవం. ఇదంతా నేను తెలుగులో రాయడానికి అదీ ఒక కారణం.