ఏసీ నీళ్లు తాగిన బెండమొక్కలు

ఆ కబురు మొదట నాకు చెప్పింది మా ఇంటి డ్రైవరు. నిజామాబాదు వైపు మనిషి. ఇక్కడ గల్ఫులో, బుదైయా అనే ఊళ్లో నేను పనిచేసే ఇంటి గేటు దగ్గర కారు కడుగుతూ నన్ను ఆపాడు.

"అక్కా, నీ తోట ఖలాస్. ఎల్లుండి సంది వాకిట్ల టైల్స్ ఏస్తరంట. నీ మూలకు గూడ."

"అది మామా నాకిచ్చిన మూలయ్యా!"

"పచ్చగ పెంచుతవని ఇచ్చింది. ఎండిపోయినదాన్ని ఏం జేసుకుంటది?"

మామా అంటే ఇంటి పెద్దావిడ. పనివాళ్లం అందరం అలాగే పిలుస్తాం. మందులు కొట్టకుండా కూరలు పండిస్తానని అడిగితే గోడ వార ఒక మడికి చోటిచ్చింది. బెండ వేశాను, గోంగూర వేశాను. ఆ ఇంట్లో పని తప్ప నాదంటూ ఉన్నది ఆ మడి ఒక్కటే.

నేను బడికి వెళ్లలేదు. అక్షరాలైనా సాగైనా మా అమ్మ దగ్గర నేర్చుకున్నవే. బెండకు పేనుబంక పడితే అమ్మ తెల్లవారుజామున, మంచు ఆరకముందే, పొయ్యి బూడిద చల్లేది. ఇక్కడ శుక్రవారాలు మాంసం కాల్చిన బొగ్గుల బూడిద బోలెడు. రోజూ చల్లాను. పురుగు కాస్త తగ్గింది గానీ, లేత ఆకులు పాలిపోయి అంచులు మాడాయి. ఇంకా చల్లాను. అలమర తలుపు లోపల అంటించుకున్న స్వామి పటానికి దండం పెట్టి మరీ చల్లాను.

ఆ సాయంత్రమే టైల్స్‌కు కొలతలు తీసుకోవడానికి సల్మాబాద్ కూలీల క్యాంపు నుంచి ఒక మేస్త్రీ వచ్చాడు. తెలంగాణలో సాగు చేసి వచ్చినవాడు. నా మడి చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఇదేంది చెల్లె, మొక్కలకు ఈబూది వెట్టినవ్?"

"పురుక్కి అన్నయ్యా. మా అమ్మ ఇలాగే చల్లేదండి."

"మీ అమ్మ మీ ఊర్ల చల్లింది. ఈడ మన్నే ఉప్పు, కొళాయి నీళ్లు గూడ ఉప్పే. దాని మీద బూడిద పోస్తే ఎట్ల బతుకుతయ్?" గోడకున్న ఏసీ గొట్టం వైపు గడ్డం ఎత్తాడు. "తియ్యటి నీళ్లు ఉత్తగ కారవట్టె. బకెట్టు వెట్టు."

"ఎల్లుండికి ఇది ఉంటేగా అన్నయ్యా!"

అతను గేటు వైపు తిరిగి చూశాడు. "గేటు కాడికెల్లి మొదలువెడ్త. నీ మూల ఆఖరుకు."

అలా చేస్తే కొత్త టైల్స్ తొక్కకుండా ఇసుకా సిమెంటూ ఇల్లు చుట్టి మోసుకు రావాలని నాకు తరువాత తెలిసింది. తొమ్మిది రోజులు మోశాడు.

ఆ తొమ్మిది రోజులూ నేను అతను చెప్పినట్టే చేశాను. బూడిద పెచ్చు గీకి తీసేశాను. మొదళ్లలో ఎండిన ఖర్జూరపు మట్టలు పరిచాను. పొద్దున రెండు బకెట్లు, సాయంత్రం రెండు బకెట్లు ఏసీ నీళ్లు. పేనుబంకకు రోడ్డు పక్క వేపచెట్ల ఆకు ఉడకబెట్టి, చల్లార్చి, ఆకుల అడుగున చల్లాను. నాలుగో రోజుకు చిగురు పచ్చబడింది. రాలిపోతాయనుకున్న మొగ్గలు నిలిచాయి.

ఆఖరి రోజు మామా కర్ర పట్టుకుని వచ్చింది. మడి ముందు వంగి, ఒక మొక్కను పట్టి చూసి, "బామియా!" అంది, అరబ్బీలో బెండను అలాగే అంటారు. ఉన్న ఒకే ఒక్క పిందెను తుంచి పచ్చిగానే కొరికింది. నమిలినంతసేపూ ఆమె మొహమే చూస్తూ నిలబడ్డాను. తరువాత మేస్త్రీ వైపు తిరిగి అరబ్బీలో ఏదో చెప్పి, కర్రతో నేల మీద గీత గీసింది.

"బతికినవ్ అక్కా," అన్నాడు డ్రైవరు. "గీత కాడికే ఏయమంటుంది. నీ మూల నీకేనంట."

నేను అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను. ఏడుపు రాలేదు. ఒళ్లంతా తేలికైంది. తండ్రీ, చల్లగా చూశావు అనుకున్నాను.

కాయలు కోతకొచ్చే వేళకు మేస్త్రీని కంపెనీ వేరే సైటుకు పంపేసింది. ఒక్క కాయ కూడా అతనికి అందలేదు. ఇది చదివే తల్లులూ తండ్రులూ, సంజెదీపం పెట్టుకునేటప్పుడు ఆ అన్నయ్యను ఒక్కసారి తలుచుకోండి. ఎవరి వాకిట్లోనో మోకాళ్ల మీద కూర్చుని టైల్స్ పరుస్తూ ఉంటాడు. ఆ మోకాళ్లకు ఏ నొప్పీ రాకూడదని కోరుకోండి.