పన్ను లేని చోట నొప్పి

1963 జూలై 14, ఆదివారం. బడి వసారాలో ఉన్నవాళ్లు: అమ్మ, నాయన, నాయన చెల్లెలైన మా అత్త, ఆదివారాలు ఊళ్లోవాళ్లకు వైద్యం చేయడానికి నెల్లూరు నుంచి వచ్చే డాక్టరమ్మ, నేను.

ఆ బడిలోనే నేను కొత్తగా టీచరుగా చేరాను. మా మగవాళ్లు సముద్రం మీద వేటకు పోయేవారు. చేపల గంపలు నెత్తికెత్తుకుని నెల్లూరు దారి పట్టేది ఆడవాళ్లు. కాలవ వంతెన వచ్చేదాకా గంప దించకూడదని వాళ్లలో ఒక పట్టింపు. ముందే దించినామెను చాలా రోజులు ఏడిపించేవారు. అమ్మ ఏనాడూ దించలేదు.

ఆ ఏడు అమ్మకు ఎడమ దవడ నొప్పి పట్టుకుంది. కోవూరులో పన్ను పీకించాం. తగ్గలేదు. పక్క పన్నూ పీకించాం. అయినా తగ్గలేదు.

"పన్ను లేని చోట నొప్పేమిటమ్మా? ఎప్పుడొస్తుంది?" అని అడిగింది డాక్టరమ్మ.

"గంపెత్తుకుని నడస్తా ఉంటే వస్తాది. వంతెన కాడ కూసుంటే పోతాది."

"కూర్చుంటే పోయే పంటినొప్పి నేనెక్కడా చూడలేదు." ఆమె నాడి, బీపీ చూసి, ఎదమీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. "ఇది గుండె నొప్పి."

అత్త పకపకా నవ్వింది. "గుండె దవడలో ఉంటాదా తల్లీ? అది కూసోని తినే మగోళ్లకి గదా వచ్చేది!"

"ఆడవాళ్లకీ వస్తుంది. ఎదలోనే రావాలని లేదు. దవడలో రావచ్చు, వీపులో రావచ్చు, ఒట్టి ఆయాసంగానూ రావచ్చు." నాలుక కింద పెట్టుకోవడానికి మాత్రలిచ్చి, అమ్మతో గట్టిగా చెప్పింది. "ఉప్పుచేప తగ్గించు, పొగాకు మానెయ్, సగం గంపే మొయ్యి. నొప్పి వచ్చిన చోటే దించు. వంతెన దాకా ఓర్చుకుంటే, ఒకరోజు వంతెన చేరవు."

"అన్నీ మానతా. నడిదారిలో మాత్రం దించను. ఇన్నేండ్లు మోసి ఇప్పుడు నవ్వులపాలు కావాల్నా?"

నాయన అందుకున్నాడు: "గాలి తిరిగితే నేను తెరచాప దించనా? నన్నెవురు నవ్వినారుమే?"

అమ్మ మాత్రల పొట్లం కొంగున ముడేసుకుంది.

మర్నాడు బడికి సెలవు పెట్టి, తెల్లవారి నేనూ వాళ్లతో నడిచాను. అమ్మ చేపల్లో సగం అత్త గంపలో ఉన్నాయి. వంతెన ఇంకా కనబడనేలేదు, అమ్మ చెయ్యి దవడ మీదికి పోయింది. రెండడుగులు వేసి ఆగి, గంప దించి, దారి పక్కన కూర్చుని మాత్ర నాలుక కింద పెట్టుకుంది.

"ఏమక్కా, అప్పుడే దించేసినావా? ముసిలిదానివైపోతివే!" అంది పక్కింటామె.

"నొప్పొచ్చింది, దించినా. నీకొస్తే నువ్వూ దించు."

అమ్మ మోత గురించి ఊరంతా గొప్పగా చెప్పుకునేది. నాకు గొప్పగా తోచింది మాత్రం ఆ దించడమే.

పక్కింటామె నవ్వు ఆగిపోయింది. "నాకూ నడస్తా ఉంటే వీపులో పట్టేస్తాదక్కా. బరువుకేమో అనుకున్నా," అంది మెల్లగా.

"ముందు కూసో. ఆదివారం డాక్టరమ్మ కాడికి నాతో రా," అంటూ అమ్మ పక్కకు జరిగింది. నేను ఆమె గంప దించడానికి చెయ్యి వేశాను.